కత్తి పట్టిన వంతగాడు

కథ చెప్పేవాడికి పేరొస్తుంది, డోలు కొట్టేవాడికి చప్పట్లొస్తాయి, వంత పాడేవాడికి గొంతు నొప్పి వస్తుంది. ఈ మాట ఎల్లస్వామి తానే అనేవాడు, నవ్వుతూనే అనేవాడు. పద్దెనిమిదేళ్లుగా నవ్వుతూ అంటున్న మాటలో నవ్వు ఎంత మిగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

కొడకండ్ల పక్క పల్లె అతనిది. ఇంటి వృత్తి ఒగ్గుకథ. తండ్రి పోయాక మేళానికి పెద్ద అన్న సాయిలు. సాయిలు నడుం బిగించి దేవుని కథ ఎత్తుకుంటే పొద్దున మొదలైంది పొద్దు గూకే దాకా సాగేది. అన్న పక్కన నిలబడి ప్రతి మాట చివరా "ఆఁ" అనడం, ఆగినచోట "అటెనుక?" అని అడగడం, అన్న ఊపిరి పీల్చుకునేలోపు ఆఖరి పదం అందుకుని పాడడం ఎల్లస్వామి పని. వంత లేకుంటే కథ నడవదని అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని, శాలువా మాత్రం కథ చెప్పినవాడికే కప్పుతారు.

కథలు లేని రోజుల్లో అతను జనగామ బస్టాండు దగ్గర అఖిల్ ఫ్లెక్సీ షాపులో పనిచేసేవాడు. పుట్టినరోజు నాయకులకూ, పెళ్లికొడుకులకూ కట్టె ఫ్రేములు కొట్టడం, స్తంభాలకు కట్టి రావడం. అఖిల్ పాతికేళ్లవాడు, ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం వద్దనుకుని షాపు పెట్టుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, వెనక గదిలో ఇద్దరు స్నేహితులతో ఒక ఆట ఆడేవాడు. ఒకడు కొరియర్ సామాన్లు చేరవేసే శ్యాం. ఇంకొకరు గాజుల షాపు ఫకీర్ అహ్మద్ బిడ్డ సమ్రీన్.

ఆటలో కంప్యూటరు లేదు, బొమ్మలు లేవు. ఊరూ, అడవీ, కోటా, శత్రువూ అన్నీ అఖిల్ నోటితోనే కట్టి చూపిస్తాడు. మిగిలినవాళ్లు తలా ఒక మనిషిని కాగితం మీద తయారుచేసుకుని, ఆ మనిషిగా మాట్లాడతారు, ఆ మనిషిగా కొట్లాడతారు. తలపెట్టిన పని అయిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఎల్లస్వామికి ఇది కొత్తగా ఏమీ అనిపించలేదు. కూర్చుని చెప్పుకునే కథే గదా, కాకపోతే పాచికలు అదనం. గదికి ఇవతల మేకులు కొడుతూ రెండేళ్ల పాటు మొదటి నుంచి ఆ కథంతా విన్నాడు. వింటే ఊరుకునే నోరు కాదది. అఖిల్ ఏదో చెప్పి ఆగితే గోడకు ఇవతల నుంచి "ఆఁ" అని వినిపించేది.

చివరికి ఒక ఆదివారం అఖిల్ తలుపు తీశాడు. "ఎల్లన్నా, పోయిన వారం నువ్వు మానుకోటకు పోయినవ్ గదా. ఆ దినం నాకు కథే నడువలే. లోపటికి రా, నువ్వు సుత ఆడు."

అలా అతను బల్ల దగ్గరకు చేరాడు. మనిషిని తయారుచేసుకోవాల్సి వచ్చింది. శ్యాం దగ్గర గొడ్డలి యోధుడున్నాడు. సమ్రీన్‌కు మెహర్ అనే మంత్రగత్తె ఉంది, రెండేళ్ల నుంచి ఆ ఒక్క మనిషినే ఆడుతోంది.

"మనకు బార్డు లేడు" అన్నాడు అఖిల్. "బార్డంటే పాటగాడన్నా. ఎనుక నిలబడి పాట పాడుతడు. ఆ పాటతోని ముందటోళ్లకు ఒక పాచిక ఎక్కువొస్తది. నీకోసమే పుట్టిండనుకో."

"వంతగాడన్నట్టు."

"ఆఁ, గట్లనే."

"వద్దు తమ్మీ." ఎల్లస్వామి గొంతులో నవ్వు లేదు. "ఇంట్ల గదే, ఊర్ల గదే, ఈడ సుత గదేనా? నాకు కత్తి కావాలె. ముందట నిలబడి కొట్లాడాలె."

సమ్రీన్ ఫోన్లో ఆట నియమాల పుస్తకం తెరిచింది. రోజంతా గాజులు తొడిగించుకునే ఆడవాళ్ల చేతులు చూసే పిల్ల, ఎవరికి ఏ కొలత సరిపోతుందో చూపుతోనే చెప్పగలదు. "జర ఆగుండ్రి. బార్డుతోని సుత కొట్లాడొచ్చు. సరిగ్గ కట్టుకోవాలె అంతే" అంది.

ఆ మధ్యాహ్నమంతా ఆ మనిషిని కట్టడానికే సరిపోయింది. ఆరు గుణాలకు ఆరు అంకెలు పంచాలి. పెద్ద అంకె, పదిహేను, ఎల్లస్వామి బలానికి ఇచ్చేశాడు. సమ్రీన్ కొట్టేసింది. "బలం కాదన్నా. నువ్వు సన్న కత్తి పట్టు, దానికి చురుకుతనం చాలు. పదిహేను దానికి పెట్టు. మనుషుల్ని ఆకట్టుకునే గుణానికి పద్నాలుగు. నీ పాటంత దాని మీదనే నడుస్తది. ఓర్పుకు పదమూడు. లేకుంటే ముందట నిలబడ్డ మొదటి దెబ్బకే పడిపోతవ్."

"తెలివికి?"

"ఎనిమిదే మిగిలింది."

"రాయి. మా అన్న చూస్తే సంతోషపడుతడు."

కవచం తేలికదైతే ప్రాణం నిలవదు, బరువుదైతే కాళ్లు కదలవు, నడిమిది తీసుకున్నారు. మంత్రాల్లో తియ్యటి పాటలన్నీ పక్కన పెట్టి, శత్రువు గుండె జారిపోయే కేక ఒకటి, కత్తి పట్టిన చేతితోనే వేయగలిగేవి రెండు ఎంచుకున్నారు. తర్వాత వచ్చింది అసలు చిక్కు. కొట్లాడే బార్డుకు రెండు బాటలున్నాయి. మొదటి బాటలో అతని పాట తోటివాళ్ల దెబ్బలకూ, వాళ్ల ప్రాణాలకూ కాపు కాస్తుంది. రెండో బాటలో ఆ పాటే తన కత్తికి ఊపునిస్తుంది.

"రెండో దాంట్ల ఎవ్వలకు పాచిక ఇచ్చే పనే లేదా?"

"ఇయ్యొచ్చన్నా. ఇస్తే నీ కత్తికి మిగలదు."

"రెండోదే రాయి" అన్నాడు ఎల్లస్వామి. పేరు ఏం పెట్టాలంటే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముందటోడు."

శ్యాం పడీపడీ నవ్వాడు. పేరు మాత్రం మారలేదు.

ఆరు నెలలు ముందటోడు నిజంగానే ముందు నిలబడ్డాడు. గుహల్లో, వంతెనల మీద, వాన కురిసే అడవిలో కత్తి తిప్పాడు. ఆ ఆదివారాలు ఎల్లస్వామికి పండుగలయ్యాయి. సోమవారం నాడు స్తంభమెక్కి ఫ్లెక్సీ కడుతుంటే కూడా వచ్చేవారం ఏం చేయాలో అదే ఆలోచన. ఇంతకాలం తను ఇలాంటి సుఖం ఎరగనందుకు అతనికి కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలుసు, పైకి అనలేదు.

దసరా వెళ్లాక సాయిలు గొంతులో గడ్డ ఉందని వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణానికేం కాలేదు, గొంతే పోయింది. మాట్లాడితే పక్క మంచంలో ఉన్నవాడికి వినబడేటంత మాట మిగిలింది. ఇక కథలు మరిచిపొమ్మన్నాడు డాక్టరు.

అప్పటికే చిట్యాలలో కథ ఒప్పుకుని ఉన్నారు. ఆ ఇంటివాళ్లు తాతల నుంచి వీళ్ల మేళాన్నే పిలుస్తారు. ఇంకా పది రోజులుంది. ఇంటికొచ్చిన సాయంత్రం సాయిలు తమ్ముణ్ని దగ్గరకు పిలిచాడు. "చిట్యాలోళ్లకు ఫోన్ చెయ్యి. టేకుమట్ల మేళాన్ని పిలుసుకోమను."

"నేను చెప్త గదనే అన్నా."

సాయిలు తల అడ్డంగా ఊపాడు. "నీకు వంతే వస్తది."

తిట్టినట్టు అనలేదు. పొయ్యి ఆరిపోయింది అన్నంత మామూలుగా అన్నాడు. ఎల్లస్వామికి అదే ఎక్కువ కాలింది. ఒకసారి చేయి మారిన కథ మళ్లీ తిరిగి రాదు. చిట్యాల పోతే రేపు ఇంకో ఊరు పోతుంది, ఎల్లుండి మేళమే ఉండదు, డోలు అటక మీదకెక్కుతుంది. అన్నీ తెలిసీ అతను నాలుగు రోజులు ఫోన్ చేయలేదు. పిలుసుకోమనీ చెప్పలేదు, నేను చెబుతాననీ చెప్పలేదు. ఎందుకంటే అన్న మాట అబద్ధమని గట్టిగా అనుకోవడానికి అతని దగ్గర ఒక్క రుజువూ లేదు. కథంతా నోటికొచ్చు. మొదటి మాట ఎవరో అంటే రెండో మాట అందుకోవడం వచ్చు. మొదటి మాట అనడం ఎన్నడూ చేయలేదు.

ఆ ఆదివారం ఆటలో కోట వాకిలి దగ్గర పెద్ద కొట్లాట. అఖిల్ ఆ పోరును నెల రోజుల నుంచి దాచుకున్నాడు. ముందటోడు కోట దళపతికి ఎదురుపడ్డాడు. ఒక పోరుకు మూడు పాటలే. అప్పటికే రెండు కత్తికి వాడేశాడు, ఒకటే మిగిలింది. వెనక మెహర్ కడుపులో విషపు బల్లెం దిగింది. ఆ దెబ్బ తట్టుకుంటుందా లేదా అన్నది సమ్రీన్ పాచిక తేల్చాలి.

"పదమూడు రావాలె" అన్నాడు అఖిల్.

సమ్రీన్ పాచిక అరచేతిలో పట్టుకుని ఎల్లస్వామి వైపు చూసింది. "అన్నా, పాట ఉందా?"

ఉంది. దళపతి తూలుతున్నాడు, ఇంకొక్క దెబ్బ చాలు. ఆరు నెలల్లో ఎన్నడూ అంత పెద్దవాణ్ని అతను పడగొట్టలేదు.

"కత్తికి కావాలె చెల్లె."

ఆమె సరేనన్నట్టు తలూపి పాచిక వేసింది. పదకొండు. మెహర్ చనిపోయింది.

తన వంతు రాగానే ఎల్లస్వామి ఆఖరి పాట కత్తికి పోసి కొట్టాడు. దళపతి కూలాడు. కోట వాకిలి తెరుచుకుంది. శ్యాం "అరె వా!" అని లేచి, సమ్రీన్ మొహం చూసి కూర్చున్నాడు.

ఐదు దాటింది. అఖిల్ మానుకోటకు ఫ్లెక్సీలు తీసుకుని పోవాలి. గొంతు సవరించుకుని, "ఈ వారానికి చాలు. సమ్రీన్, వచ్చే వారం నీకు కొత్త మనిషిని కడదాం" అన్నాడు. సమ్రీన్ మెహర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది, ఎల్లస్వామికి తిట్లు తిన్నంత ఊరటైనా దక్కేది. ఏడవలేదు. లేచి చెప్పులు వెతుక్కుంటోంది.

"ఆగుండ్రి" అన్నాడు అతను. "చావు మీద కథ ఆపొద్దు."

"ఇది ఆట గదన్నా" అన్నాడు అఖిల్.

"ఏదన్న కానీ. మా బాపు చెప్పేటోడు. చావు కాడ కథ ఆపితే ఆ పీనుగు విన్నోళ్ల ఇంటికి పోయి పండుకుంటది. సాగనంపినంకనే లేవాలె."

"రూల్ ప్రకారం ఆమెను బతికిచ్చే మంత్రం మన దగ్గర లేదన్నా."

"బతికియ్యమంటలేను తమ్మీ. సాగనంపాలంటున్న."

"అదెట్లనో నాకు రాదు. నువ్వే చెప్పు మరి" అన్నాడు అఖిల్. విసుక్కుని అనలేదు, నిజంగానే అతనికి రాదు.

ఎల్లస్వామి లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పడం వాళ్లింట్లో లేదు. నిలబడి, పద్దెనిమిదేళ్ల అలవాటు కొద్దీ పక్కకు తిరిగాడు, ఎవరో మొదటి మాట అంటారని. పక్కన ఫ్లెక్సీ చుట్టలు తప్ప ఎవరూ లేరు. సమ్రీన్ చెప్పులు చేతిలో పట్టుకుని చూస్తోంది.

"ఏటి ఒడ్డున ఒక పడవోడు" అన్నాడు. "వానికొక బిడ్డ పుట్టింది."

ఆగాడు. ఆగినచోట ఏదీ రాలేదు. మాట వెళ్లి గోడకు తగిలి కింద పడింది.

"వరద వచ్చిన నెల పుట్టింది. మెహర్ అని పేరు పెట్టిండ్రు."

మళ్లీ ఏమీ లేదు. అన్న పద్దెనిమిదేళ్లు ఈ అగాధం అంచున నిలబడి చెప్పాడనీ, ఒక్కసారి కూడా ఇందులో పడకుండా తానే పట్టుకుని ఆపాడనీ ఆ క్షణాన తెలిసింది. తెలిసి ఏం లాభం, తనను పట్టుకునేవాడు లేడు. కూర్చుందామనుకున్నాడు. ఇంకొక్క మాట అని కూర్చుందామనుకున్నాడు.

"ఏరు దాటంగ ఎడమ కాలి చెప్పు కొట్టుకపోయింది. ఒక్క చెప్పుతోనే ఊరు దాటింది."

"ఆఁ" అంది సమ్రీన్.

మెల్లగా అంది, కొంచెం సాగదీసి, అచ్చం అతనిలాగే. ఎల్లస్వామి కాళ్లకు నేల తగిలింది. తర్వాతి మాట దానంతటదే వచ్చింది. సుంకం వసూలు చేసే చుంగీ కాడ కావలివాణ్ని మెహర్ ఎట్లా బోల్తా కొట్టించిందో చెప్పాడు. కటికవాడి చేతిలోంచి మేకను కొని అడవిలో వదిలిందీ, మంచుకొండ మీద తన శాలువా శ్యాం యోధుడికి కప్పిందీ చెప్పాడు. అతను బల్ల దగ్గరకు రాకముందు జరిగినవి, గోడకు అవతల నుంచి విన్నవి, ఆడినవాళ్లే మరిచిపోయినవి. "అటెనుక?" అన్నాడు శ్యాం, నోరు తెరిచి వింటూ. అఖిల్ ఫోన్ మోగితే ఆపేసి బల్ల మీద బోర్లించాడు.

కథ కోట వాకిటికి వచ్చింది. ఎల్లస్వామి దాన్ని దాటేయలేదు.

"మెహర్ అడిగింది, అన్నా పాట ఉందా అని. ముందటోని పిడికిట్ల పాట ఉంది. ఉండంగ ఇయ్యలే. తోడబుట్టినట్టు తిరిగిన పిల్ల పానం కన్న వానికి వాని కత్తే ఎక్కువైంది."

అక్కడ ఆగాడు. సమ్రీన్ ఏమీ అనలేదు. శ్యాం అనబోయి ఊరుకున్నాడు. ఆ మౌనంలో ఎల్లస్వామి నిలబడాల్సి వచ్చింది, తల దించుకోకుండా నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది.

"అటెనుక?" అంది.

అటు వెనుక ముందటోడు కత్తి ఒర నుంచి తీసి కోట వాకిట్లోనే పారేశాడు. మెహర్‌ను భుజాన వేసుకుని మూడు పగళ్లు నడిచి ఆమె తండ్రి ఏటికి చేర్చాడు. ముసలి పడవవాడు బిడ్డను పడవలో పడుకోబెట్టి అవతలి ఒడ్డుకు నడిపాడు. అవతలి ఒడ్డున ఎవరి ఇంట్లోనో పసిపిల్ల కేరుమంది. ఆ ఏడుపు ఈ ఒడ్డుకు వినబడింది.

"ఇగ ఇండ్లకు పోవచ్చు" అన్నాడు ఎల్లస్వామి, కుర్చీలో కూలబడి.

ముప్పావు గంట గడిచింది. సమ్రీన్ ఫోన్లో తండ్రి నాలుగుసార్లు చేసిన కాల్స్ ఉన్నాయి. "కొట్టుకపోయిన చెప్పు సంగతి నాకే యాదికి లేదన్నా. మొదటి దినం ఉత్తగనే అన్న మాట. నీకెట్ల యాదికుంది?"

"వినుడే గద చెల్లె నా పని."

పోతూ పోతూ అఖిల్ అడిగాడు. "ముందటోని బాట మారుద్దామా అన్నా? పాటలు పక్కోళ్లకిచ్చే బాట రాస్త కావాలంటే."

ఎల్లస్వామి ఆలోచించాడు. సిగ్గుతో ఒప్పుకుంటే అది ఇంకో అబద్ధమవుతుంది. "వద్దు తమ్మీ. కొట్లాడుడు నాకిష్టమే. ఇంకొక కత్తి దొరుకుతది వానికి. కని ఒక పాట ఎప్పుడు పక్కకు పెట్టి ఉంచుకుంటడు. గది రాయి."

అతను కొడకండ్ల బస్సెక్కాడు. ఇల్లు చేరేసరికి సాయిలు రేకుల కింద కూర్చుని డోలు తాళ్లు బిగిస్తున్నాడు. ఇక మోగదనుకున్న డోలుకు తాళ్లెందుకు బిగిస్తున్నాడో అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"చిట్యాలోళ్లకు చెప్పినవా?"

"చెప్పలే. చెప్ప. కథ నేను చెప్త అన్నా."

తాడు మీద సాయిలు చేయి ఆగింది. ఎల్లస్వామి తిట్లకు సిద్ధపడ్డాడు. సాయిలు అడిగింది వేరే మాట.

"వంతెవలు?"

"నువ్వు."

అన్న తమ్ముడికి వంత నిలబడడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూసింది కాదు. చిట్యాల పెద్దమనుషులు ముక్కున వేలేసుకుంటారు. "నీ గొంతుకు పాట రాకున్నా మాట వస్తది. వంతకు ఆ మాట చాలు" అన్నాడు ఎల్లస్వామి. సాయిలు తాడు చివర ముడి వేశాడు. తల ఎత్తినప్పుడు మొహంలో కోపం లేదు. ఎల్లస్వామి పుట్టి బుద్ధెరిగాక అన్న మొహంలో చూడనిది ఉంది. భయం.

"నాకు వంత రాదురా ఎల్లిగా."

ఎల్లస్వామి ఒక అడుగు దగ్గరకు జరిగాడు.

"పద్దెనిమిదేండ్లు నేను చెప్పుకుంటనే పోయిన" అన్నాడు సాయిలు, ఒక్కో మాటకూ ఆయాసపడుతూ. "నువ్వు యాడ అందుకుంటున్నవో, యాడ ఆగుతున్నవో ఎన్నడు చూడలే. చూడాలని సుత ఎరుక లేదు. పదిమంది ముంగట నీ కథ చెడగొడుత."

కథ పోతుందని కాదు, పరువు పోతుందనీ కాదు, తమ్ముడి కథ తన వల్ల చెడుతుందని ఆ మనిషి భయపడుతున్నాడు. ఎల్లస్వామి డోలు పక్కకు జరిపి అన్నకు ఎదురుగా కూర్చోబోయి, మళ్లీ లేచి నిలబడ్డాడు.

"ఏం లేదన్నా. వినాలె. గంతే."

మొదటి మాట ఎత్తుకున్నాడు. సాయిలు "ఆఁ" తొందరపడి మాట సగంలోనే వచ్చి పడింది.

"గంత జల్దెందుకన్నా. మాట పూర్తి కానియ్యి."

రెండోసారి కాచుకుని కాచుకుని ఆలస్యంగా అన్నాడు. లోపల వంట చేస్తున్న వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. సాయిలు ఆమెను చూసి కళ్లెర్రజేసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, సరిగా సర్దుకుని కూర్చున్నాడు.

"నవ్వనియ్యి దాన్ని. మల్లొకసారి చెప్పు" అన్నాడు తమ్ముడితో.

ఎల్లస్వామి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.